చేత్తో చేసినవి అమ్ముతున్నారా? లేబుల్‌కి ఫాంట్ ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి!

కొవ్వొత్తులు, సబ్బులు, క్రోషే బొమ్మలు, టెర్రకోట నగలు.. ఇంట్లో చేసి ఇన్‌స్టాగ్రామ్‌, వాట్సాప్‌లో అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. వస్తువు బాగుంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కానీ కవర్ మీద పేరు మాత్రం ఓ పట్టాన చదవలేం. మెలికలు తిరిగిన అక్షరాలు, మధ్యలో పువ్వులు, చివర్లో గుండె గుర్తు.. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. చిక్కు ఎక్కడంటే.. కొన్నవాళ్లు మళ్లీ తెప్పించుకోవాలన్నా, పక్కింటివాళ్లకి చెప్పాలన్నా ఆ పేరే ఆధారం. అది చదవలేకపోతే రెండో ఆర్డర్ రాదు.

అలాగని సరదా ఫాంట్ వాడకూడదని కాదు. హ్యాండ్‌మేడ్ వస్తువుకి అదే కళ తెస్తుంది. కాకపోతే ఏది, ఎక్కడ, ఎంత వాడాలో తెలియాలి.

అసలు డిస్‌ప్లే ఫాంట్ అంటే..

పుస్తకాలు, వార్తలు చదవడానికి వాడే ఫాంట్లు వేరు. వాటిలో అక్షరం మన దృష్టిని తనవైపు లాక్కోదు. డిస్‌ప్లే ఫాంట్ పని దానికి పూర్తిగా వ్యతిరేకం. సినిమా టైటిల్, పెళ్లి కార్డు, షాపు బోర్డు లాంటి చోట్ల పెద్ద సైజులో, నాలుగైదు మాటలకే వాడతారు. అందుకే లేబుల్ మీద బ్రాండ్ పేరుకి ఇది సరిగ్గా సరిపోతుంది. అదే ఫాంట్‌తో వాడే విధానం, అడ్రస్ కూడా రాస్తేనే కళ్లు నొప్పి పుడతాయి. ఒక సరదా ఫాంట్, దానికి తోడుగా ఒక మామూలు ఫాంట్. అంతకు మించి వద్దు.

చెయ్యి ఎలా కదిలితే అక్షరం అలా!

ఫాంట్ల లిస్ట్ తెరిస్తే ఏది తీసుకోవాలో తేల్చుకోలేం. దీనికో సులువైన దారి ఉంది. మీ వస్తువు ఎలా తయారవుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మల్నే చూడండి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ చేస్తారు కాబట్టి ఎక్కడా కోణం ఉండదు, అంతా గుండ్రమే. అలాంటి వాటికి బొద్దుగా, గుండ్రంగా ఉండే అక్షరం నప్పుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు కలంతో గీత గీస్తారు. దానికి కలంతో రాసినట్టుండే ఫాంట్ బాగుంటుంది. కొండపల్లి బొమ్మలకి కుంచెతో రంగులు వేస్తారు. కాబట్టి కుంచె రాత లాంటి అక్షరం అందులో కలిసిపోతుంది. క్రోషే, ఊలు బొమ్మలైతే మెత్తగా కనిపించే అంచులు, కుండలు, టెర్రకోట అయితే కాస్త మందంగా, బరువుగా ఉండే అక్షరాలు ఎంచుకోవచ్చు. వస్తువుకీ అక్షరానికీ పోలిక కుదిరితే పువ్వులు, గుండె గుర్తుల అవసరమే ఉండదు.

ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు చాలానే ఉన్నాయి. బొద్దుగా, గుండ్రంగా కావాలంటే ఏక్ టైప్ సంస్థ చేసిన 'బాలూ తమ్ముడు' చూడండి. ఈ బాలూ కుటుంబంలో ఒక్కో లిపికి ఒక్కో తోబుట్టువు పేరుంది. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, బెంగాలీకి దా.. మన తెలుగుకి తమ్ముడు! ఇంగ్లీష్ అక్షరాలు కూడా అదే తీరులో ఉంటాయి. పేరు రెండు భాషల్లో వేసినా అతికించినట్టు కనిపించదు.

సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు కూడా అక్కడే దొరుకుతాయి. చేతిరాతలా కావాలంటే 'లక్కిరెడ్డి', పెద్ద అక్షరాల హెడ్డింగులకి 'ధూర్జటి', 'రామభద్ర' లాంటివి ప్రయత్నించవచ్చు. లేబుల్‌పై మిగతా వివరాలకి 'మండలి' లాంటి సాదా ఫాంట్ చాలు.

'ప' కాస్తా 'వ' అయిపోతే?

ఇంగ్లీష్‌లో లేని ఇబ్బంది తెలుగులో ఒకటుంది. మన అక్షరాల్లో తేడా చాలా చిన్న చోట ఉంటుంది. 'ప' మీద తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కి అతుక్కుని ఉంటుంది. మరీ లావుపాటి ఫాంట్‌ని చిన్న సైజులో ప్రింట్ చేస్తే ఆ సందు మూసుకుపోతుంది. 'పూసలు' కాస్తా 'వూసలు' అయిపోతాయి. 'ధ' కింద ఉండే చిన్న గీత కనబడకపోతే 'గంధం' సబ్బు 'గందం' సబ్బు అవుతుంది.

ఒత్తుల సంగతి మరీ చూసుకోవాలి. 'చెక్కబొమ్మలు' అనే మాటలో రెండు ఒత్తులున్నాయి. పేరు రెండు లైన్లలో వేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచితే సరిపోతుంది. బ్రౌన్ పేపర్ కవర్ మీద రబ్బర్ స్టాంప్ వేసేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. ఇంక్ పక్కలకి పాకుతుంది కాబట్టి అక్షరం లోపల ఖాళీ ఎక్కువున్న ఫాంట్ తీసుకోవాలి.

ధర, బరువు దగ్గర సరదా వద్దు

ముందే ప్యాక్ చేసి అమ్మే వస్తువులకి 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ఉన్నాయి. తయారీదారు పేరు, అడ్రస్, నికర పరిమాణం, ఎంఆర్‌పీ లాంటివి స్పష్టంగా, చదవగలిగేలా ఉండాలి. ఈ వివరాలు ఇంగ్లీష్‌లో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాల్సిందే. తెలుగులో అదనంగా వేసుకోవచ్చు. అక్షరాలు, అంకెల ఎత్తు మీద కూడా నిబంధనలున్నాయి. కాబట్టి బ్రాండ్ పేరు ఎంత ముద్దుగా ఉన్నా, ఈ భాగం మాత్రం సాదా ఫాంట్‌లోనే వేయించండి.

'ఫ్రీ' అని ఉన్నంత మాత్రాన ఫ్రీ కాదు!

నెట్‌లో డౌన్‌లోడ్ చేసే ఫాంట్లలో చాలా వాటికి 'పర్సనల్ యూజ్' వరకే అనుమతి ఉంటుంది. అంటే పుట్టినరోజు కార్డుకి వాడొచ్చు, అమ్మే వస్తువు మీద వాడకూడదు. వ్యాపారం కాస్త పెరిగాక ఫాంట్ యజమాని నుంచి నోటీసు వస్తే స్టిక్కర్లు, కవర్లు అన్నీ మార్చుకోవాల్సిన పరిస్థితి. పైన చెప్పిన ఫాంట్లు 'ఓపెన్ ఫాంట్ లైసెన్స్' కింద ఉన్నాయి. అమ్మే వస్తువుల మీద కూడా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైల్‌ని మాత్రం విడిగా అమ్మకూడదు.

ఫోన్‌లో, డీటీపీ సెంటర్‌లో ఇవి గమనించండి

డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లు వాడటం మామూలే. ప్రింట్‌కి ఇబ్బంది లేదు. కానీ ఆ మాటని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. కాబట్టి పేరుని ఫోన్‌లో మామూలు తెలుగు కీబోర్డుతో కూడా టైప్ చేసి ప్రొఫైల్‌లో పెట్టుకోండి. 'స్టైలిష్ టెక్స్ట్' యాప్‌లతో చేసిన వంకర ఇంగ్లీష్ అక్షరాలతోనూ ఇదే తంటా. అవి ఫాంట్లు కావు, వేరే గుర్తులు. ఎవరైనా మీ పేరు టైప్ చేసి వెతికితే దొరక్కపోవచ్చు.

ఇక డిజైన్‌ని ప్రింటింగ్‌కి ఇచ్చేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌గా మార్చిన ఫైల్ గానీ, పీడీఎఫ్ గానీ ఇవ్వండి. లేదంటే అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక ఒత్తులు చెల్లాచెదురైపోతాయి.

వెయ్యి స్టిక్కర్లు ఆర్డర్ ఇచ్చే ముందు..

* లేబుల్‌ని అసలు సైజులోనే మామూలు కాగితం మీద బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీయండి. రంగు లేకుండా చదవగలిగితే రంగులో ఎలాగూ చదువుతారు.

* వస్తువుకి అతికించి చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. సీసా గుండ్రంగా ఉంటే పేరు పక్కలకి తిరిగిపోతుందేమో గమనించండి.

* అదే పేరుని డీపీగా పెట్టి, గుండ్రటి చిన్న బొమ్మలో కనిపిస్తుందో లేదో చూడండి.

* మీ వ్యాపారం గురించి ఏమీ తెలియని ఇద్దరికి చూపించి, పైకి చదవమనండి. ఒకరు పెద్దవాళ్లయితే ఇంకా మంచిది. తడుముకోకుండా చదివితే ఆ ఫాంట్ ఖాయం చేసుకోవచ్చు. 'ఇదేంటి?' అని అడిగారంటే మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి.