టీవీ పంచాయితీలో ఇంటి గుట్టు

షాద్‌నగర్‌లో మా అమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ జీ తెలుగులో ‘బతుకు జట్కా బండి’ చూసేది. అందులో నటీమణులు సుమలత, జీవిత కూర్చుని భార్యాభర్తల తగవులు వింటుంటే, భర్త అడ్డుపడినప్పుడల్లా “ఆ పిల్లను జెప్పనియ్యుండ్రి!” అని కసిరేది.

బాధ నలుగురిలో చెప్పుకుంటే భారం తగ్గుతుందన్న నమ్మకాన్ని అమెరికాలో 1967లో ఫిల్ డొనహ్యూ, 1986 నుంచి దేశమంతటా ఓప్రా విన్‌ఫ్రే టీవీలోకి తెచ్చారు. మన ఊరి పంచాయితీల్లో పెద్దమనుషులదే మాట. ఈ టీవీ పంచాయితీలో కోడలికీ మైకు దక్కింది. నా దృష్టిలో అది పెద్ద మార్పే.

కానీ మానసిక వైద్యానికి గోప్యత ప్రాణం. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని రోగి హక్కుగా రాసింది. కెమెరా ముందు ఏడ్చిన అమ్మాయి మర్నాడు అదే వీధిలో తిరగాలి కదా! ఆమెకు తలుపు మూసి వినే మనిషి కావాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.