ఫోటోకు అడ్డొచ్చిన అవ్వ

ఉదయగిరి పేరులోనే ఉదయం ఉంది. అయినా సముద్రంలోంచి పైకి వచ్చే సూర్యుణ్ణి చూడాలంటే మా మెట్ట ప్రాంతం వాళ్లం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిందే. ఒక డిసెంబరులో మేము అలాగే బయలుదేరాం. సంఘం వేయించే కొత్త సంవత్సరం క్యాలెండరుకు, మనుషుల అలికిడి లేని ప్రశాంతమైన సూర్యోదయం ఫోటో కావాలి. అర్ధరాత్రి దాటాక ఉదయగిరిలో జీపెక్కి, ఆత్మకూరులో మరో ఇద్దరు మిత్రులను ఎక్కించుకుని, సంగం, నెల్లూరు మీదుగా మైపాడు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది.

కెమెరాను స్టాండుకు బిగించి ఎదురుచూశాం. సముద్రపు అంచున సూర్యబింబం తొంగిచూశాక పూర్తిగా పైకి రావడానికి రెండు మూడు నిమిషాలే పడుతుంది. ఆ కాసేపటి కోసమే మా రాత్రి ప్రయాణమంతా! తూర్పు ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఒక ముసలమ్మ వచ్చి, మా కెమెరాకు ఎదురుగా నీళ్ల అంచున నిలబడింది.

'అవ్వా, కాస్త పక్కకు జరుగు, ఫోటోకు అడ్డం' అని కేకేశాం.

'మావోళ్ల పడవ ఇంకా రాలేదు నాయనా' అంటూ ఆమె పక్కకు తప్పుకుంది. మేము ఫోటో తీసుకున్నాం. పడవ ఎప్పుడు వెళ్లింది, అందులో ఎవరున్నారు అని ఒక్క మాటైనా అడగలేదు.

తిరుగు ప్రయాణంలో బుచ్చిరెడ్డిపాలెంలో టీ తాగుతుండగా మాలో ఒకరన్నారు, 'ఆ అవ్వ వాళ్ల పడవ వచ్చిందంటారా?' ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈనాటికీ లేదు.

తిబెరియ సముద్రతీరాన మరో ఉదయం గుర్తొచ్చింది. పునరుత్థానుడైన యేసుప్రభువు తెల్లవారుతుండగా ఒడ్డున నిలిచాడు (యోహాను 21:4). ఎదుట ఉదయకాంతి ఉంది, నీళ్లున్నాయి. ఆయన చూపు మాత్రం రాత్రంతా శ్రమించినా ఒక్క చేపా పడని శిష్యుల మీద ఉంది. తినడానికి ఏమైనా దొరికిందా అన్నదే ఆయన మొదట అడిగిన మాట. వారు ఒడ్డుకు చేరేసరికి నిప్పులు, చేప, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. మరణాన్ని జయించిన ప్రభువు ఆ ఉదయం చేసిన పని ఆకలిగొన్నవారికి భోజనం పెట్టడం!

మన తెలుగు నేల మీద కూడా అలాంటి ఉదయం ఒకటుంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ ఐదుగురూ అక్కడ మోకరించి, కింద ఉన్న ఊళ్ల కోసం, అక్కడికి ఒక సేవకుడిని పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఉదయగిరి, ఆత్మకూరుల్లోనూ అదే మిషన్ పని మొదలైంది. ఇవాళ మేము విశ్వాసులుగా ఉన్నామంటే, ఉదయాన కొండెక్కి మనుషులను మరువని వారి వల్లే.

ఫోటో తీసేవారికి ఒక సంగతి తెలుసు. సూర్యుడి వెలుగుకు తగ్గట్టు కెమెరాను సరిచేస్తే, ముందున్న మనుషులు నల్లటి నీడలవుతారు. మన భక్తి కూడా ఒక్కోసారి ఇంతే. దేవునితో ప్రశాంతంగా గడపాలని తెల్లవారుజామునే లేస్తాం. తలుపు తట్టిన పొరుగువారు అడ్డుగా కనిపిస్తారు. ఆ అడ్డొచ్చిన మనిషిని ప్రభువే పంపాడేమో అన్న ఆలోచనే రాదు.

ఫోటో కడిగించి చూస్తే ఒక అంచున ఆ అవ్వ నల్లటి నీడలా పడి ఉంది. కత్తిరించి వేద్దామన్నారు కొందరు. మేము కత్తిరించలేదు. ఆ క్యాలెండరు చూసిన ప్రతి ఉదయం ఆమె పడవ కోసం ప్రార్థించాం. రేపు తెల్లవారాక మీ ఎదుట ఎవరు నిలబడతారో తెలియదు. వారిని పక్కకు జరగమనకండి, ఏం కావాలో అడగండి.