డిక్కీ మూలలో ఫైబర్ స్పీకర్ బాక్సు: మన ఎండలో జాగ్రత్తగా చేసుకునే తీరు

దాదాపు చుట్టూ ఆంధ్రా సరిహద్దే ఉన్న పావగడ తాలూకాలో కారు ఒకచోట నిలవదు. ఒకరోజు హిందూపురం, మరోరోజు కళ్యాణదుర్గం, మధ్యలో బెంగళూరు. పాట లేకుండా ఆ దారులు సాగవు. బెంగళూరు జేసీ రోడ్డులో సబ్ వూఫర్ కొంటే, దానికి బిగించే చెక్క పెట్టె చిన్న కారు డిక్కీలో సగం తినేస్తుంది. ఇక శనక్కాయల మూట పెట్టడానికి చోటేదీ? అందుకే చక్రం పైనున్న వంపులో ఒదిగిపోయే ఫైబర్ బాక్సు మీద మన కుర్రాళ్లకు మోజు.

అయితే పాటను తీర్చిదిద్దేది బయటి ఆకారం కాదు, లోపలి గాలి. స్పీకరు వెనక మూసి ఉన్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. చోటు తక్కువైతే ఒక్క స్వరం దగ్గరే ధన్‌మని మోగుతుంది. మరీ ఎక్కువైతే కోన్ అదుపు తప్పి ఊగి దెబ్బతినవచ్చు. ఏ స్పీకరుకు ఎంత చోటు కావాలో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇంజనీర్లు 1960, 70లలో స్థిరపరిచారు. స్పీకరుతో వచ్చే కాగితంలోని అంకెలు ఆ లెక్కవే. 10 అంగుళాల సబ్ వూఫరుకు మూసిన బాక్సు సాధారణంగా 20 లీటర్ల అటూ ఇటూ ఉంటుంది. మీ కాగితంలో ఎంతుందో అదే పాటించండి.

పని ఇలా సాగుతుంది. డిక్కీ మూలకు మాస్కింగ్ టేపు దట్టంగా అంటించి, పైన అల్యూమినియం రేకు పరిచి, ఫైబర్ మ్యాట్ రెండు పొరలు రెజిన్‌తో అద్దాలి. గట్టిపడ్డాక చిప్పలా ఊడొస్తుంది. మిగతా పనంతా బయటే. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కతో స్పీకరు రింగు కోసి, కర్ర ముక్కలతో చిప్పకు నిలబెట్టి, సాగే ఉన్ని గుడ్డను బిగుతుగా లాగి రెజిన్ తాగించాలి. ఆపైన 450 గ్రాముల మ్యాట్ ఐదారు పొరలు. ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. గోడ పలచనైతే పాటతోపాటు బాక్సూ వణుకుతుంది. థర్మోకోల్‌తో అచ్చు చేద్దామనుకునేవారు జాగ్రత్త, పాలియెస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది.

లప్పం పెట్టేముందే చోటు కొలవండి. రాగులు చక్కగా సర్దుకుంటాయి గానీ ఆ వాసన తగిలిన గింజ తిండికి పనికిరాదు. బీన్ బ్యాగుల్లో నింపే థర్మోకోల్ గింజల్ని లీటరు కొలతతో పోయడం మేలు. వచ్చిన కొలతలోంచి స్పీకరు వెనకభాగం ఆక్రమించే చోటు తీసేయాలి.

అన్నిటికన్నా మెలకువ కావాల్సింది రెజిన్ కలిపే దగ్గర. 100 గ్రాముల రెజిన్‌కు హార్డెనర్ 1 నుంచి 2 గ్రాములు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఒక గ్రామే చాలు, తెల్లవారుజామున పని పెట్టుకోండి. మగ్గు నిండా కలిపితే బ్రష్ ముంచేలోపే పొగలు కక్కి గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా కలపాలి. కోబాల్ట్ ద్రవం విడిగా ఇస్తే ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, తర్వాతే హార్డెనర్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తాలి.

కళ్లద్దాలు, చేతొడుగులు తప్పవు. గుడ్డ మాస్కు రెజిన్ ఆవిరిని ఆపదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, లేకపోతే గాజు ధూళి ఒళ్లంతా దురద పెడుతుంది.

రంగు, రెక్సిన్ మీ ఇష్టం. కానీ తయారైన బాక్సును వెంటనే కారులో పెట్టేయకండి. వాసన పూర్తిగా పోయేదాకా, కొన్నాళ్లపాటు, గాలి ఆడే నీడలో ఉంచండి. ఎండలో నిలిపిన కారులో అద్దాలెత్తి ఉంటే మిగిలిన ఆవిరంతా లోపలే ఉండిపోతుంది, వెనక సీటులో కూర్చునేది పిల్లలు.