సైకిలు చోరీ: 5,000 రూపాయల గీత

నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు వంటి పట్టణంలో పొలానికో కూలికో బడికో పోవడానికి సైకిలునే నమ్ముకున్న కుటుంబానికి అది పోవడం పెద్ద దెబ్బే అయినా, చట్టం ఆ నష్టాన్ని వస్తువు వెలను బట్టి కొలుస్తుంది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. అయితే సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, ముద్దాయికి అదే తొలి శిక్ష అయి, సొత్తునో దాని విలువనో అతడు తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవతో సరిపోతుంది. ఆకలికో అవసరానికో తప్పు చేసినవాడిని జైలుపాలు చేయని ఈ నిబంధనను తప్పుపట్టవలసిన పని లేదు. చిక్కంతా దీనితోపాటు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో ఉంది. 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని ఆ షెడ్యూలు నాన్‌-కాగ్నిజబుల్ నేరంగా, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయడానికి వీలులేని నేరంగా చూపింది. అటువంటి ఫిర్యాదు అందినప్పుడు స్టేషన్ అధికారి దాని సారాంశాన్ని పుస్తకంలో నమోదు చేసి, ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పంపాలి. పాత చట్టంలో ఎంత చిన్న దొంగతనమైనా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగినదే కాబట్టి, పాత సైకిలు పోగొట్టుకున్న పేదవాడికి ఈ మార్పు వల్ల ఒక మెట్టు అదనంగా వచ్చిపడింది.

అందువల్ల ఫిర్యాదులో సైకిలు విలువను బిల్లు ఆధారంగా రాయడం, అది ఏ చోటు నుంచి పోయిందో స్పష్టంగా చెప్పడం ముఖ్యం. సంతలోనో బస్టాండు దగ్గరో పోయిన సైకిలుకు 303వ సెక్షన్ వర్తిస్తుంది గానీ, నివాస గృహం లోపలి నుంచి ఎత్తుకుపోతే 305వ సెక్షన్ కిందికి వచ్చి, 7 సంవత్సరాల వరకు శిక్ష పడగల నేరమవుతుంది. ఎఫ్‌ఐఆర్, అంటే నేరం గురించి స్టేషనులో తొలుత నమోదయ్యే సమాచార నివేదిక, నమోదైతే దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి లిఖితపూర్వకంగా పోస్టులో పంపవచ్చు, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆత్మకూరు పేరు గల ఊళ్లు నెల్లూరు, అనంతపురం వైపు, తెలంగాణలోనూ ఉన్నందున, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఆత్మకూరువారు కాగితం మీద జిల్లా పేరు రాయడం మరువకూడదు.

ఫిర్యాదు కన్నా కష్టమైనది సైకిలును గుర్తుపట్టడం. మోటారు వాహనానికి ఉన్నట్లు సైకిలుకు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. పూర్వం పురపాలక సంఘాలు ఏటా పన్ను వసూలు చేసి ఇచ్చిన లోహపు బిళ్ల కూడా ఇప్పుడు లేదు. ‘బడికొస్తా’ పథకం కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాలికలకు పంచిన సైకిళ్లలా ఒకే రంగు, ఒకే తీరు ఉన్నవాటిని వరుసగా నిలబెడితే ఎవరిది ఏదో చెప్పడం యజమానికే కష్టం. మిగిలే ఆధారం ఫ్రేము నంబరు. సైకిలును తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు ఇమిడి ఉండే అడుగు భాగంలో పేరుకున్న మట్టినీ గ్రీజునూ గుడ్డతో తుడిస్తే, చాలా సైకిళ్లకు ఇనుములోకి కొట్టిన అంకెలు కనిపిస్తాయి. కొన్నింటికి అవి సీటు కింది గొట్టం మీద ఉంటాయి. రంగు మార్చినా, క్యారియరు, హ్యాండిలు, మడ్‌గార్డులు విప్పి అమ్మేసినా, ఆ అంకెలు ఆకురాయితో అరగదీస్తే తప్ప పోవు. వెల్డింగు అతుకు, సీటు మీది కుట్టు, ఎప్పుడూ గాలి కొట్టే పంచర్ షాపు యజమాని సాక్ష్యం వంటివి నంబరు లేనప్పుడు అక్కరకు వస్తాయి. 1948లో వచ్చిన ఇటలీ చిత్రం ‘బైసికిల్ థీవ్స్’లో పోలీసును వెంటబెట్టుకుని దొంగ ఇంటిదాకా పోయిన యజమాని, సాక్షీ లేక సొత్తూ దొరకక వెనుదిరుగుతాడు.

దొరికిన సైకిలు వెంటనే యజమాని చేతికి రాదు. పోలీసులు దానిని పంచనామాతో, అంటే మధ్యవర్తుల సమక్షంలో రాసిన పత్రంతో, స్వాధీనం చేసుకుని కోర్టుకు తెలియజేస్తారు. విచారణ ముగిసేలోగా దానిని వాడుకోవడానికి యజమాని పిటిషన్ వేసి, కోరినప్పుడు తిరిగి హాజరుపరుస్తానని పూచీ రాసి తీసుకోవాలి. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, వాహనాలను స్టేషన్ ఆవరణలో దీర్ఘకాలం ఉంచరాదని, ఫోటోలు తీయించి పూచీకత్తు మీద అప్పగించాలని చెప్పింది. స్టేషన్ల ముందు తుప్పు పట్టిన వాహనాల గుట్టలు ఆ తీర్పు ఎంతవరకు అమలైందో చెప్పకనే చెబుతాయి. హక్కుదారు ఎవరో తెలియని సొత్తు విషయంలో మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి, 6 నెలల్లోగా వచ్చి హక్కు నిరూపించుకోమంటారు.

తెలియక కొన్నవాడి సంగతి వేరు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, తనది కాని వస్తువును అమ్మినవాడు కొన్నవాడికి సాధారణంగా యాజమాన్యం ఇవ్వలేడు. కనుక డబ్బు చెల్లించినా సైకిలు అసలు యజమానిదే. దొంగసొత్తని తెలిసి కొంటే అది వేరే నేరం. తన సైకిలు మరొకరి దగ్గర కనిపించినప్పుడు వెంటబడి లాక్కోవడం కన్నా, నంబరు చూసుకుని పోలీసులకు కబురు చేయడమే మేలు, ఎందుకంటే దొంగ సొత్తుతో తప్పించుకుపోయాక ఆత్మరక్షణ హక్కు పేరుతో బలప్రయోగం చేయడాన్ని చట్టం ఒప్పుకోదు.

ఈ పేజీ మూయకముందే ఇంట్లోని సైకిలును ఒకసారి తలకిందులు చేసి, ఆ అంకెలను బిల్లు వెనుక రాసి, ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.