అరుణాచల్ కొండల్లో కూలిన బాంబర్: 73 ఏళ్ల తర్వాత ఆ అవశేషాలు ఎవరివో ఎలా తేల్చారు?

1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు బయల్దేరిన అమెరికా బి-24 బాంబర్ ఒకటి గమ్యం చేరలేదు. అందులో ఎనిమిది మంది ఉన్నారు. అప్పట్లో గాలించినా జాడ దొరకలేదు. 2006లో అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో దాని శిథిలాలు బయటపడ్డాయి. తవ్వకాలు మాత్రం 2015లో గానీ జరగలేదు. దొరికిన అవశేషాలను 2016 ఏప్రిల్‌లో దిల్లీ నుంచి అమెరికాకు పంపారు. అవి ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌వని 2017లో ప్రకటించారు.

ఈ పని చేసేది అమెరికా రక్షణ శాఖలోని డీపీఏఏ. గల్లంతైన సైనికుల ఆచూకీ తేల్చడమే దీని బాధ్యత. ఒక్క రెండో ప్రపంచ యుద్ధంలోనే ఆచూకీ తేలని అమెరికన్లు ఇప్పటికీ సుమారు 72 వేల మంది ఉన్నారు.

ముందు కాగితాలు, తర్వాతే ఎముకలు

వార్తల్లో డీఎన్ఏ పేరే మారుమోగుతుంది కానీ, అసలు పని పాత ఫైళ్లతో మొదలవుతుంది. విమానం తిరిగి రాకపోతే అమెరికా వైమానిక దళం ఒక నివేదిక రాసేది. ఎవరెవరు ఎక్కారు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారు అనే వివరాలతో పాటు విమానం నంబరు, ఇంజిన్లు, మెషీన్ గన్‌ల నంబర్లు కూడా అందులో ఉండేవి. శిథిలాల్లో అలాంటి ఒక్క నంబరు చదవగలిగితే చాలు, అది ఏ విమానమో తెలిసిపోతుంది.

దాంతో ప్రశ్నే మారిపోతుంది. 'ఈ ఎముక ఎవరిది?' అని లోకమంతా వెతకాల్సిన అవసరం ఉండదు. 'ఆ ఎనిమిది మందిలో ఎవరిది?' అని అడిగితే సరిపోతుంది. మిగతా పరీక్షలన్నీ ఈ చిన్న జాబితా ఉంది కాబట్టే పనికొస్తాయి.

తవ్విన చోట మట్టిని జల్లెడ పట్టి ఎముక ముక్కలు, పళ్లు, గుండీలు, గుర్తింపు బిళ్లలు ఏరతారు. ల్యాబ్‌లో ఎముకలను బట్టి ఎత్తు, వయసు అంచనా వేస్తారు. పన్ను దొరికితే సైన్యంలో చేరినప్పటి దంతాల రికార్డుతో పోలుస్తారు.

కొడుకు కంటే మేనకోడలి నమూనాయే మేలు!

ఇక డీఎన్ఏ. దశాబ్దాల పాటు తడి నేలలో ఉన్న ఎముకలో సాధారణ డీఎన్ఏ చాలావరకు పాడైపోతుంది. మైటోకాండ్రియల్ డీఎన్ఏ ప్రతులు ఒక్కో కణంలో వందలు, వేలల్లో ఉంటాయి కాబట్టి అది మిగిలే అవకాశం ఎక్కువ. కానీ ఇది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. అందుకే చనిపోయిన వ్యక్తి సొంత కొడుకు నమూనా ఇచ్చినా ఈ పరీక్షకు ఉపయోగం లేదు. అక్కచెల్లెళ్ల పిల్లలు, అంటే మేనల్లుడు, మేనకోడలు ఇస్తే సరిపోలుతుంది. మేనకోడలి పిల్లలదైనా ఫరవాలేదు. తండ్రి వైపు నుంచి చూడాలంటే వై క్రోమోజోమ్ ఉంది. దానికి కొడుకులు, అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు కావాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఒకే రకం మైటోకాండ్రియల్ డీఎన్ఏ ఏ సంబంధమూ లేనివారిలోనూ కనిపించవచ్చు. అందుకే అది కుదిరిందని వెంటనే పేరు ప్రకటించరు. కాగితాలు, పళ్లు, ఎముకలు, డీఎన్ఏ అన్నీ ఒకే మనిషిని చూపాలి. వాటిలో ఏ ఒక్కటి ఎదురు తిరిగినా ఫైలు ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబాలకు ఇది కష్టమే. అయినా, వేరేవాళ్ల బిడ్డను తమ బిడ్డ అనుకుని పూడ్చిపెట్టడం కంటే ఈ ఆలస్యమే నయం.

నమూనా ఇవ్వడానికి బంధువులకు ఖర్చేమీ ఉండదు. కిట్ ఉచితంగా ఇంటికే పంపుతారు, బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తిప్పి పంపితే చాలు. అసలు ఇబ్బంది ఏంటంటే, ఇన్నేళ్ల తర్వాత సరైన బంధువును వెతికి పట్టుకోవడం. ఆ వరసలో చివరి మనిషి నమూనా ఇవ్వకుండా పోతే, ఎముక ల్యాబ్‌లో ఉన్నా దాన్ని పోల్చడానికి ఎవరూ దొరకరు.

గుర్తింపు ఖరారయ్యాక సైన్యం అధికారులు కుటుంబాన్ని కలిసి నివేదిక మొత్తం వివరిస్తారు. ఎక్కడ ఖననం చేయాలనేది కుటుంబం ఇష్టం. ఆక్స్‌ఫర్డ్‌ను 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని సొంతూరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. ఇలా దొరికినవారి పేరును గల్లంతైనవారి స్మారక గోడ మీది నుంచి చెరిపేయరు. పక్కన చిన్న గులాబీ ఆకారపు బిళ్ల అమరుస్తారు.