ఋతుచక్రము - గర్భధారణ అవకాశము

ఋతుచక్రము అనగా యుక్తవయస్సు నుండి ముట్లుడిగే వరకు స్త్రీ శరీరము గర్భధారణకు పదే పదే సిద్ధమయ్యే ప్రక్రియ. ఇందులో కనిపించే రక్తస్రావాన్ని వాడుకలో ముట్టు, బహిష్టు, నెలసరి అని అంటారు. స్రావము మొదలైన రోజును చక్రములో మొదటి రోజుగా లెక్కిస్తారు. వయోజనులలో చక్రము సాధారణంగా 21 నుండి 35 రోజులు ఉంటుంది. 28 రోజులు అనేది సగటు మాత్రమే, నియమము కాదు.

గర్భం వచ్చే రోజులు

ప్రతి చక్రములో సాధారణంగా ఒక అండము అండాశయము నుండి విడుదలవుతుంది. దీనిని అండోత్సర్గము అంటారు. విడుదలైన అండము 12 నుండి 24 గంటలు మాత్రమే ఫలదీకరణకు పనికివస్తుంది. కాని శుక్రకణాలు స్త్రీ శరీరములో 5 రోజుల వరకు జీవించగలవు. కనుక అండోత్సర్గము జరిగే రోజు, దానికి ముందు 5 రోజులు, మొత్తం 6 రోజులు గర్భధారణకు అనువైనవి.

అండోత్సర్గము తరువాతి ముట్టుకు దాదాపు 14 రోజుల ముందు జరుగుతుంది. అనగా దీనిని వచ్చిన ముట్టు నుండి ముందుకు కాక, రాబోయే ముట్టు నుండి వెనుకకు లెక్కించాలి. ఈ లెక్కన అనువైన రోజులు సుమారుగా ఇలా ఉంటాయి:

* 24 రోజుల చక్రములో 5 నుండి 10వ రోజు వరకు
* 28 రోజుల చక్రములో 9 నుండి 14వ రోజు వరకు
* 35 రోజుల చక్రములో 16 నుండి 21వ రోజు వరకు

చక్రము చిన్నదైతే ముట్టు చివరి రోజులలో కలిసినా గర్భం రావచ్చు. "ముట్టు సమయములో గర్భం రాదు" అన్న నమ్మకము అందువలన సరికాదు.

పూర్వపు లెక్కలు

మనుస్మృతి ఋతుకాలాన్ని 16 రాత్రులుగా చెప్పి, మొదటి నాలుగింటిని నిషేధించింది. సరి రాత్రులలో కుమారుడు, బేసి రాత్రులలో కుమార్తె కలుగుతారని కూడ అందులో ఉంది. అయితే శిశువు ఆడ, మగ అనేది తండ్రి శుక్రకణములోని క్రోమోజోము వలన నిర్ణయమవుతుంది. రాత్రుల లెక్కకు దానితో సంబంధము లేదు.

సురక్షిత కాల పద్ధతి

జపానుకు చెందిన ఒగినో, ఆస్ట్రియాకు చెందిన క్నాస్ అనే వైద్యులు 1920లలో అండోత్సర్గ కాలాన్ని విడివిడిగా గుర్తించారు. కేలండరు పద్ధతికి ఇదే ఆధారము. భారత ప్రభుత్వము 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమము ప్రారంభించినపుడు మొదట దీనినే ప్రయత్నించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో ఢిల్లీలోని లోధీ కాలనీలోను, నాటి మైసూరు రాష్ట్రములోని రామనగరములోను స్త్రీలకు రోజులు లెక్కించుకోవడానికి రంగుల పూసల దండలు ఇచ్చారు. ఆశించిన ఫలితము రాలేదు. పూసల సంఖ్య మారదు, కాని స్త్రీ చక్రము నెల నెలకూ మారగలదు.

తరువాత 2000 దశకములో వచ్చిన ప్రామాణిక దినాల పద్ధతి, చక్రము ఎల్లప్పుడూ 26 నుండి 32 రోజుల మధ్య ఉండే వారికి మాత్రమే వర్తిస్తుంది. వీరు 8 నుండి 19వ రోజు వరకు కలయిక మానాలి లేదా నిరోధ్ వాడాలి. తప్పు లేకుండా పాటించినా ఏడాదిలో నూటికి సుమారు 5 మందికి, సాధారణ వాడకములో సుమారు 12 మందికి గర్భం వస్తుంది.

లెక్క తప్పే సందర్భాలు

జ్వరము, మానసిక ఒత్తిడి, బరువులో మార్పు, థైరాయిడ్ లోపము, పీసీఓడీ వంటివి అండోత్సర్గాన్ని ఆలస్యము చేయవచ్చు. రజస్వల అయిన తొలి సంవత్సరాలలోను, ముట్లుడిగే వయస్సులోను చక్రము క్రమముగా ఉండదు. కాన్పు తరువాత మొదటి ముట్టుకు ముందే అండము విడుదల కావచ్చు. కనుక ముట్టు రాకున్నా గర్భం రావచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము ఆంధ్ర ప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. ఆపరేషన్‌కు ముందు, బిడ్డకు బిడ్డకు మధ్య ఎడము పాటించవలసిన కాలములో పై లెక్కలను మాత్రమే నమ్ముకున్నవారికి అవాంఛిత గర్భం వచ్చే ప్రమాదము ఉంది. కాపర్-టి, మాత్రలు, నిరోధ్ దీనికంటె నమ్మదగినవి.

ముట్టు తప్పినపుడు

రక్షణ లేని కలయిక తరువాత 72 గంటలలోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ఇది గర్భస్రావము కలిగించే మాత్ర కాదు, అండోత్సర్గాన్ని ఆపుతుంది లేదా ఆలస్యము చేస్తుంది. ముట్టు రావలసిన రోజు దాటితే మూత్ర పరీక్షతో గర్భాన్ని ఇంటివద్దనే తెలుసుకోవచ్చు. భారతదేశములో 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టము, 2021 సవరణతో, 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయముపైన, కొన్ని సందర్భాలలో 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముపైన గర్భవిచ్ఛిత్తిని అనుమతిస్తుంది. ఈ హక్కు అవివాహితలకు కూడ వర్తిస్తుందని సుప్రీం కోర్టు 2022లో తీర్పు ఇచ్చింది.