వికేంద్రీకృత క్లౌడ్ నిల్వ: పరిశోధన సామగ్రి పరిరక్షణ

2020 అక్టోబరు వరదలలో సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగాయి. ఒక పరిశోధకుడు తన క్షేత్రపర్యటన ధ్వనిముద్రణలను దిల్‌సుఖ్‌నగర్‌లోని గదిలో ఒక హార్డ్‌డిస్కులోను, రెండో ప్రతిని ఎల్.బి.నగర్‌లోని మిత్రుని ఇంట్లోను ఉంచాడనుకుందాం. మెట్రోలో మూడో స్టేషన్ అంత దూరం. ప్రతులు రెండైనా వాటికి పొంచి ఉన్న ప్రమాదం ఒక్కటే. శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథం చేరుతుంది గాని, దానికి ఆధారమైన ఇటువంటి సామగ్రి సాధారణంగా పరిశోధకుని దగ్గరే మిగిలిపోతుంది.

సంస్థల సర్వర్లకూ ఈ ప్రమాదం తప్పదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడిన తరువాత కూడా అందులోని తెలుగు గ్రంథాలెన్నో నేటికీ లభిస్తున్నాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటి ప్రతులు ఉండడమే కారణం. నిజానికి వికేంద్రీకరణ తెలుగు సాహిత్యానికి పాత అలవాటే. ఒకే కావ్యం పలు ఊళ్ళలో తాళపత్ర ప్రతులుగా నిలిచి ఉండబట్టే సి.పి. బ్రౌన్ పాఠాలను పోల్చి చూపించగలిగాడు.

తాళపత్రాలలో ప్రతికీ ప్రతికీ పాఠభేదాలు తప్పలేదు. 2015లో వెలువడిన ఐపీఎఫ్ఎస్‌లో ఫైలు చిరునామా అది ఉన్న చోటును బట్టి కాక, అందులోని విషయాన్ని బట్టి ఏర్పడుతుంది. ఒక్క అక్షరం మారినా చిరునామా మారిపోతుంది కాబట్టి మార్పు దాగదు. స్టోర్జ్ పద్ధతి వేరు. అది ఫైలును గూఢలిపిలోకి మార్చి, ముక్కలు చేసి వేర్వేరు కంప్యూటర్లకు పంపుతుంది. దాని ప్రసిద్ధమైన అమరికలో 80 ముక్కలకు ఏ 29 దొరికినా మూలం తిరిగి సిద్ధిస్తుంది. ఫైల్‌కాయిన్‌లోనైతే నిల్వదారు ఫైలును నిజంగానే దాచి ఉంచినట్లు పదే పదే గణితపరంగా నిరూపించాలి.

అయితే ‘శాశ్వతం’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఐపీఎఫ్ఎస్‌లో కనీసం ఒక కంప్యూటరైనా ఫైలును ‘పిన్’ చేసి ఉంచకపోతే అది క్రమంగా కనుమరుగవుతుంది. ఫైల్‌కాయిన్ ఒప్పందాలకు గడువుంటుంది; ఫెలోషిప్ ముగిసినా అద్దె కట్టవలసిందే. గూఢలిపి తాళంచెవి పోతే అర్జీ పెట్టుకోవడానికి కార్యాలయమంటూ ఉండదు. ఇందుకు విరుద్ధమైన చిక్కు మరొకటి ఉంది. గూఢలిపీకరణ లేకుండా బహిరంగంగా ఉంచిన ముద్రణ ఇతరుల కంప్యూటర్లకు చేరిన తరువాత, కథకురాలు వద్దన్నా దానిని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఆమె అనుమతిని ముందే, ఈ సంగతి వివరించి తీసుకోవాలి.

తెలుగు వారికి ప్రత్యేకమైన సమస్య లిపిది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, ఎన్నో సిద్ధాంత గ్రంథాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. అటువంటి ఫైలును వంద కంప్యూటర్లలో చెక్కుచెదరకుండా దాచినా, ఆ ఫాంటు లేనిచోట తెరపై కనిపించేది అర్థంలేని గుర్తులే. వికేంద్రీకృత నిల్వ బిట్లను కాపాడుతుంది. అక్షరాలను కాపాడే బాధ్యత పరిశోధకునిదే. కనుక దాచడానికి ముందే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఫాంట్లు ఇమిడి ఉండే పీడీఎఫ్/ఏ ప్రతిని కూడా జతచేయాలి. మార్పిడిలో వత్తులు, గుణింతాలు చెదిరాయేమో అచ్చుప్రతితో సరిచూడాలి. పాత ఫాంట్లు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు అందుబాటులో ఉండగానే ఈ పని జరగాలి.